క్రిస్మస్‌కి ఇల్లు సిద్ధమైంది, ఎవరి కోసం?



వరి మాసూళ్లు మొదలవకముందే మన పేటలో టైల్స్ కోసే మిషను చప్పుడు మొదలైంది. ఏ సందులోకి వెళ్లినా ఇసుక గుట్టలు, లప్పం బస్తాలు, ఖాళీ పెయింటు డబ్బాలు. అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "పండక్కి చుట్టాలొస్తున్నారు అయ్యగారూ, ఈసారి క్రిస్మస్ మా ఇంట్లోనే." సంతోషం. కానీ ఈ విషయంలో నేను చెప్పబోయే మాట కొందరికి రుచించదు. అయినా చెప్పకుండా ఉండలేను. పండగ వెళ్లాక జనవరిలో మీ ఇళ్లకు ప్రార్థనకు వచ్చి మీ కన్నీళ్లు వినేది నేనే కదా.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తాను. ఇల్లు బాగు చేసుకోవడం పాపమని నేను అనను. మన తాతల కాలంలోనూ డిసెంబరు వస్తే గోడలకు సున్నం కొట్టేవారు, నేల అలికేవారు, వెదురు బద్దలకు రంగు కాగితాలు అతికించి నక్షత్రం కట్టేవారు. కారే కప్పు వేయించుకోండి, చెమ్మ పట్టిన గోడ మళ్లీ పూత పూయించుకోండి. నా పోరాటం ఇంటితో కాదు. వచ్చేవాళ్ల కోసం అని పేరు పెట్టి, వచ్చేవాళ్లు చూసి ఈర్ష్యపడటం కోసం చేసే పనితో నా పోరాటం.

లెక్క చూద్దాం. హాల్లో ఫాల్స్ సీలింగు, ముందు గోడకు ఎలివేషను, గేటు, కింద నున్నటి టైల్స్. దీనికి 2 లక్షలు తక్కువైతే నూటికి 2 రూపాయల వడ్డీకి తెస్తారు. అంటే నెలకు 4,000. ఏడాదికి 48,000. అసలు ఒక్క రూపాయి తగ్గదు. 3 రూపాయల వడ్డీ అయితే ఏడాదికి 72,000. కొందరు డ్వాక్రా గ్రూపులో తెచ్చిన సొమ్ము దీనికే పోస్తున్నారు, కొందరు ఇల్లాలి మెడలో గొలుసు బ్యాంకులో పెడుతున్నారు. చుట్టాలు ఉండేది రెండు రోజులు. వాళ్లు చూసి "భలే ఉంది" అనేది ఒక్క నిమిషం. ఆ నిమిషం ఖరీదు ఎంతో ఇప్పుడు మీరే చెప్పండి. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగింది (లూకా 14:28) శిష్యరికం గురించే, నిజమే. కానీ ఆ పోలిక వినగానే అందరికీ అర్థమైందంటే, లెక్క చూడకుండా కట్టేవాణ్ణి చూసి ఊరంతా నవ్వుతుందని ఆ రోజుల్లోనూ తెలుసన్నమాట. ఇప్పుడైతే నవ్వరు, ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు. అదొక్కటే తేడా.

ఇక అసలు సంగతికి వస్తాను. యిర్మీయా 22వ అధ్యాయం తెరవండి. యోషీయా కుమారుడు యెహోయాకీము రాజు ఇల్లు కట్టిస్తున్నాడు. పెద్ద మేడగదులు, వెడల్పు కిటికీలు, దేవదారు పలకలతో సరంబీ, ఎర్రటి రంగు. సరంబీ అనే మాట మనలో చాలామందికి అర్థం కాక దాటేస్తాం. మన భాషలో చెప్పాలంటే సీలింగే. యూదా దేశం మీద మొదట ఐగుప్తు, తర్వాత బబులోను భారం పడుతున్న కాలంలో ఈ రాజు రీమోడలింగ్ పెట్టుకున్నాడు. ప్రవక్త అతణ్ణి ఎందుకు గద్దించాడు? సీలింగు వేసినందుకు కాదు. పనివాళ్ల చేత చాకిరీ చేయించుకుని కూలి ఇవ్వనందుకు. నీ తండ్రి కూడా తిన్నాడు, తాగాడు, కానీ బీదలకు న్యాయం చేశాడు, నన్ను ఎరగడం అంటే అది కాదా అని దేవుడు అడుగుతున్నాడు. ఇంటి గురించి మొదలైన మాట దేవుణ్ణి ఎరగడం దగ్గరకు వచ్చి ఆగింది, గమనించండి.

మన సంఘంలో తాపీ పనివాళ్లు ఉన్నారు, పెయింటర్లు ఉన్నారు, ఇసుక మోసే అక్కలు ఉన్నారు. ఆదివారం వాళ్లూ మీ పక్కనే చాప మీద కూర్చుంటారు. క్రిందటి ఏడు పండగ ముందు రోజు రాత్రి ఒక తాపీ మేస్త్రీ నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. పని అయిపోయింది, గృహ ప్రార్థన అయిపోయింది, భోజనాలు అయిపోయాయి, కూలి మాత్రం "పండగ వెళ్లాక చూద్దాం బాబాయ్" అయింది. అతని పిల్లలకు కొత్త బట్టలు లేవు. ఆ ఇంటి వాళ్లు మాత్రం బిర్యానీకి రెండు మేకలు కోశారు. కూలివాని జీతం తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13 చెబుతోంది. తెల్లవారేదాకా అంది, సంక్రాంతి దాకా అనలేదు. బయట బల్బుల దండలు మెరుస్తుంటే, వాటిని పట్టి నిలిపిన గోడ కట్టినవాడు చీకట్లో నా అరుగు మీద కూర్చున్నాడంటే, ఆ ఇంట్లో పాడిన పాటలు ఎంత దూరం వెళ్లాయో నాకు అనుమానమే.

"అయితే బైబిల్లో ఎవరూ అతిథి కోసం ఇల్లు మార్చలేదా?" అని నన్ను ఒక యవ్వనస్థుడు అడిగాడు. మంచి ప్రశ్న. మార్చారు. 2 రాజులు 4లో షూనేము ఊరి స్త్రీ. ఎలీషా ఆ దారిన వస్తూ పోతూ ఉంటాడని చూసి, మేడ మీద ఒక చిన్న గది కట్టిద్దామని భర్తతో చెప్పింది. ఆ గదిలో ఏమి పెట్టిందో లెక్కపెట్టండి: మంచం, బల్ల, పీట, దీపం. నాలుగే. నడిచి అలసిన మనిషికి పడుకోవడానికి, రాసుకోవడానికి, కూర్చోవడానికి, రాత్రి చూసుకోవడానికి. ఆమె బాగా కలిగిన ఇల్లాలు. కావాలంటే ఊరంతా చెప్పుకునేలా కట్టించగలదు. కానీ వచ్చే మనిషి ఎవరో, అతనికి ఏమి కావాలో చూసి కట్టింది. మీ ఇంటికి వచ్చే మనిషికి ఏమి కావాలో మీరు ఎప్పుడైనా చూశారా?

వచ్చేవాళ్లలో 75 ఏళ్ల మేనత్త ఉంటుంది. ఆమెకు మోకాళ్లు వంగవు. ఆమెకు కావలసింది కూర్చునే మరుగుదొడ్డి, గోడకు పట్టుకునే ఒక ఇనప కడ్డీ, రాత్రిపూట దారిలో ఒక చిన్న లైటు. హాల్లో సీలింగుకు అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇవి ఎంత? కానీ మరుగుదొడ్డి పెరట్లో మెట్లు దిగి వెళ్లేచోటే ఉంటుంది, హాల్లో మాత్రం అద్దంలా మెరిసే టైల్స్. చుట్టాలంతా తడికాళ్లతో తిరుగుతారు. ముసలమ్మ జారి పడితే తుంటి ఎముక విరుగుతుంది, ఆ వయసులో తుంటి విరిగిన మనిషి మళ్లీ తన కాళ్ల మీద నడవడం ఎంత కష్టమో మీ ఇళ్లల్లోనే చూశారు. ద్వితీయోపదేశకాండము 22:8 చదవండి. కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఇంటి మీదికి వస్తుంది. ఆ దేశంలో మిద్దె మీదే కూర్చునేవారు, పడుకునేవారు, అందుకే ఆ ఆజ్ఞ. దేవుడు గోడల రంగు గురించి ధర్మశాస్త్రంలో ఇలా ఆజ్ఞ ఇవ్వలేదు, పిట్టగోడ గురించి ఇచ్చాడు. మన ఊళ్లో మేడ మీద షామియానా వేసి వంద మందికి భోజనాలు పెడుతున్నారు, రెండు వైపులా పిట్టగోడ లేని మేడలు నేను పేర్లతో చెప్పగలను. పిల్లలు ఆ మేడ మీదే పరుగెత్తుతారు.

ఇంకొకటి. ఈ రీమోడలింగ్‌లో మొదట పోతున్నది అరుగు. "పాతకాలం వాలకం, తీసేయండి" అంటున్నారు. అరుగు తీసేసి ఆ చోట ర్యాంపు, స్టీలు గేటు పెడుతున్నారు. ఎండలో పోయే మనిషి కూర్చుని మంచినీళ్లు అడిగేది ఆ అరుగు మీదే. పిలవకుండా వచ్చేవాడికి మన ఇళ్లల్లో ఉన్న ఒకే ఒక్క చోటు అది. దాన్ని పగలగొట్టి, లోపల ఆతిథ్యం కోసం ఇల్లు బాగు చేస్తున్నాం అంటే నేను ఎలా నమ్మను?

క్రిస్మస్ అనగానే సత్రములో స్థలం లేదు అని నాటకం వేస్తాం, సత్రం యజమానిని దుర్మార్గుణ్ణి చేసి నవ్వుకుంటాం. అక్కడ లూకా వాడిన గ్రీకు మాట 'కటలూమ'. అదే మాట లూకా 22:11లో మన తెలుగు బైబిల్లో 'విడిది గది' అయింది. మంచి సమరయుని కథలో పూటకూళ్ల ఇంటికి లూకా వేరే మాట వాడాడు. మధ్యప్రాచ్యంలో నలభై ఏళ్లు బోధించిన కెన్నెత్ బెయిలీ అనే పండితుడు దీన్ని బట్టి, అక్కడి పల్లె ఇళ్ల తీరును బట్టి, యోసేపు మరియలు బంధువుల ఇంటికే వెళ్లారని, చుట్టాల గది నిండిపోతే ఇంటివారు తాము ఉండే గదిలోనే చోటిచ్చారని చెబుతాడు. ఆ ఇళ్లల్లో రాత్రి పశువులను అదే కప్పు కింద ఒక పక్కన కట్టేవారు, పశువుల తొట్టి అక్కడే ఉంటుంది. అందరు పండితులూ ఒప్పుకోరు, కానీ నాకు ఈ వివరణే సరిగా తోస్తుంది. అప్పుడు బేత్లెహేములో ఒక పేద ఇల్లు, ఏ రీమోడలింగూ లేని ఇల్లు, నిండిపోయి కూడా సర్దుకుంది.

మన ఇళ్లు సర్దుకోవడం లేదు. గదులు పెరిగాయి, పిలుపులు తగ్గాయి. హైదరాబాదు నుంచి కారులో వచ్చే తమ్ముడికి పది ఫోన్లు చేస్తారు. అదే ఊళ్లో కూలికి వెళ్లే అన్నకు "నువ్వెప్పుడైనా రావచ్చుగా" అంటారు, అంటే రావద్దని అతనికి తెలుసు. వేరే కులం అబ్బాయిని చేసుకుందని కూతురిని పిలవరు, అదీ ఒకే బల్లలో పాలుపొందే మనం! ఇంకా బాధ ఏమిటంటే, కువైట్‌లో ఖద్దామా పని చేసి ఆ ఇంటికి డబ్బు పంపిన తల్లి రెండేళ్లకొకసారి పండక్కి వస్తే, గదులన్నీ చుట్టాలకు ఇచ్చి ఆమెకు వంటింట్లో చాప వేసిన ఇల్లు నేను చూశాను. ఆమె కష్టంతో వేసిన ఆ కొత్త సీలింగు కింద ఆమె ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. విందు చేసేటప్పుడు మళ్లీ నిన్ను పిలవగలిగే ధనిక పొరుగువారినీ బంధువులనూ కాదు, తిరిగి ఏమీ ఇవ్వలేనివారిని పిలవమని ప్రభువు భోజనపు బల్ల దగ్గరే కూర్చుని, తనను పిలిచినవాడితోనే చెప్పాడు (లూకా 14:12-14). మర్యాదకు కూడా ఆపుకోలేదు.

నా తోటి సేవకులకూ ఒక మాట. ఇల్లు బాగు చేసినప్పుడల్లా ప్రతిష్ఠ ప్రార్థన అని వెళ్లి, "దేవుడు ఈ కుటుంబాన్ని ఎంతగా హెచ్చించాడో చూడండి" అని మైకులో చెబుతాం. పక్కింట్లో పట్టా కప్పిన పాక ఉంటుంది. అందులో ఉన్నామె కూడా 30 ఏళ్లుగా ప్రార్థించే విశ్వాసే. ఆమెను దేవుడు తగ్గించాడా? టైల్స్‌ని దీవెన అంటే, అప్పును ఏమంటాం? హగ్గయి మొదటి అధ్యాయం ఎత్తి "మీ ఇళ్లకు సీలింగా, మందిరానికి లేదా" అని కానుకలు అడగడం కూడా నేను చేయను. మందిరానికి పోటీగా ఇల్లు, ఇంటికి పోటీగా మందిరం, ఈ పోటీ మనకు వద్దు.

ఈ నెలలో గృహ ప్రార్థనకు పిలిచే ప్రతి ఇంటికీ తప్పకుండా వస్తాను. ప్రార్థన మొదలుపెట్టేముందు ఇంటి యజమానిని పక్కకు పిలిచి మూడు ప్రశ్నలు అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. మేస్త్రీకి, పెయింటరుకు డబ్బు పూర్తిగా ఇచ్చారా? మేడకు పిట్టగోడ ఉందా? పండక్కి పిలవకుండా వదిలేసింది ఎవరిని? మూడో ప్రశ్నకు జవాబుగా ఒక పేరు వస్తే, అక్కడే ఫోన్ చేయిస్తాను. ఆ ఫోను అయ్యాకే పాట మొదలుపెడదాం.