హామిద్‌ది కుర్బానీ కాదు, హిమ్మత్

పిల్లల బహాదురీ అంటే పేపర్ డెస్కుకి ఒకటే లెక్క. చెరువులో మునిగిపోతున్నవాణ్ణి జుట్టు పట్టి లాగిన పిల్లవాడు, కరెంటు తీగ తగిలిన తమ్ముణ్ణి కర్రతో విడదీసిన అక్క. ఇలాంటివి వస్తే ఫోటోతో సహా డబుల్ కాలమ్, ‘బాలుడి సాహసం’ అని హెడ్డింగ్. నేనూ బోలెడు పెట్టాను. 1957లో మొదలైన జాతీయ సాహస బాలల అవార్డులు కూడా అలాంటివాళ్ళకే. వాళ్ళ మీద నాకే షికాయతూ లేదు, నూరేళ్ళు బతకాలి. కానీ ఒక పిల్లవాడి జిందగీలో ఆ చెరువు గట్టు ఎన్నిసార్లు వస్తుంది? అసలు రానే రాకపోవచ్చు. రోజూ వచ్చేది వేరే ఉంటుంది. నలుగురూ నవ్వుతున్నచోట తల దించకుండా నిలబడటం. తోటివాళ్ళు కొనుక్కుంటుంటే ఖాళీ జేబుతో పక్కన నిలబడటం. దానికి హెడ్డింగ్ పెట్టే డెస్కు లేదు. 1933లో ప్రేమ్‌చంద్ పెట్టాడు. ఆ కథ పేరు ‘ఈద్గాహ్’.

మన రెండు రాష్ట్రాల్లో చాలామంది దాన్ని పదో తరగతి హిందీ వాచకంలో చదివి ఉంటారు. నేను ముందు ఉర్దూలో చదివాను, తర్వాత హిందీలో, తెలుగులో. మర్చిపోయినవాళ్ళ కోసం ముక్తసర్‌గా చెబుతాను. నాలుగైదేళ్ళ హామిద్ యతీమ్. నిరుడు నాన్న హైజాకు పోయాడు. అమ్మ పాలిపోయి పాలిపోయి పోయింది. వాడికి మాత్రం అబ్బాజాన్ పైసలు సంపాదించడానికి వెళ్ళాడని, అమ్మీజాన్ అల్లాహ్ మియా ఇంటి నుంచి మంచి మంచి చీజులు తేవడానికి వెళ్ళిందని చెప్పి ఉంచారు. ఉన్నది దాదీ అమీనా ఒక్కతే. ఈద్ పొద్దున ఇంట్లో మొత్తం రెండణాలు. అణాకి నాలుగు పైసల కాలం కాబట్టి ఎనిమిది పైసలు. మూడు హామిద్ జేబులో, ఐదు దాదీ బటువాలో. ఆ ఐదింటితోనే పండగ. మహమూద్ దగ్గర పన్నెండు పైసలు, మోహ్సిన్ దగ్గర పదిహేను. మూడు కోసుల దారి నడిచి ఈద్గాహ్‌కి వెళ్ళి, నమాజ్ అయ్యాక పిల్లలంతా మేళాలో పడతారు. రంగులరాట్నం పైసాకి పాతిక చుట్లు. మట్టిబొమ్మ రెండు పైసలు. అంటే హామిద్ దగ్గరున్న దాంతో సరిగ్గా ఒక బొమ్మ, ఒక రాట్నం వస్తాయి. లెక్క కుదిరింది కూడా. కానీ వాడు ఆ మూడూ పెట్టి దాదీకి ఒక చిమ్టా కొంటాడు, ఇనుప పట్టకారు. పెనం మీది రొట్టె తీసేటప్పుడు ఆమె వేళ్ళు కాలుతున్నాయని.

ఇంతే కథ. బళ్ళో అడిగే సవాల్ కూడా ఒక్కటే: ఈ కథలో నీతి ఏమిటి? జవాబు గైడులో తయారుగా ఉంటుంది. త్యాగం, పెద్దల పట్ల ప్రేమ. నా ఝగడా ఆ జవాబుతోనే.

కథను నిదానంగా చదవండి, త్యాగమూర్తి ఎక్కడా కనబడడు. హామిద్‌కి బొమ్మలంటే ఆశ. ఖాకీ వర్దీ వేసుకున్న మహమూద్ సిపాయిని, మోహ్సిన్ భిశ్తీని ఒక్కసారి చేత్తో పట్టుకు చూడాలని తహతహ. వాళ్ళు ఇవ్వరు. మిఠాయి దుకాణం దగ్గర మోహ్సిన్ రేవ్డీ తీసుకోమని పిలుస్తాడు. ఇది ఏడిపించడానికేనని, మోహ్సిన్ చెయ్యి అంత పెద్దది కాదని హామిద్‌కి అనుమానమే. తెలిసీ వెళ్తాడు. చెయ్యి చాపుతాడు. మోహ్సిన్ రేవ్డీ తన నోట్లో వేసుకుంటాడు, మిగతావాళ్ళు చప్పట్లు కొడతారు. తెలిసీ వెళ్ళాడన్న ఆ ఒక్క ముక్కలో ప్రేమ్‌చంద్ పిల్లవాడి మనసు మొత్తం పెట్టేశాడు. ఆకలికి గైరత్ ఓడిపోయిన క్షణం అది. తర్వాత హామిద్ సాధువులా క్షమించడు కూడా. తినండిరా తినండి, కురుపులు లేస్తాయి, నాలుక చెడిపోయి ఇంట్లో పైసలు దొంగిలిస్తారు, తన్నులు తింటారు అని లోపల లోపల శాపాలు పెడతాడు. అరే, పిల్లవాడన్నాక అంతే కదా! ఇంత కోపం, ఇంత లాలచ్, ఇంత షర్మిందగీ అన్నీ కడుపులో ఉన్నవాడు ఇనుప సామాన్ల దుకాణం ముందు ఆగుతాడు. అందుకే ఆ ఆగటానికి అంత విలువ. ఆశే లేనివాడు ఆగితే అందులో ఏముంది?

ఇక బేరం. దుకాణదారు మొదట, ఇది నీకు పనికొచ్చే వస్తువు కాదు పో అన్నట్టు మాట్లాడతాడు. తర్వాత ఆరు పైసలంటాడు. హామిద్ ముఖం వాడిపోతుంది. ఆఖరి మాట ఐదంటాడు. అప్పుడు వాడు గుండె గట్టి చేసుకుని మూడు పైసలకిస్తావా అని అడిగి, తిట్టు వినబడకముందే ముందుకు నడిచిపోతాడు. చూశారా, ధైర్యం అంటే భయం లేకపోవడమని ఈ కథ చెప్పదు. తిడతాడని భయం ఉంది, అడిగేశాడు, కాళ్ళు మాత్రం పారిపోతున్నాయి. నాకు తెలిసిన ధైర్యమంతా ఇలాగే ఉంటుంది. దుకాణదారు తిట్టలేదు, వెనక్కి పిలిచి ఇచ్చాడు.

కొనడం కంటే కష్టమైంది తర్వాత ఉంది. ఆ చిమ్టా పట్టుకుని దోస్తుల మధ్యకి తిరిగి వెళ్ళాలి. చేతుల్లో సిపాయి, భిశ్తీ, వకీలు బొమ్మలున్నవాళ్ళ మధ్యకి వంటింటి సామానుతో మొగపిల్లవాడు! దాచుకోవచ్చు. దాదీ తెమ్మంది అని అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. హామిద్ దాన్ని తుపాకీలా భుజాన వేసుకుని నడుస్తాడు. వాళ్ళు నవ్వుతారు. వీడు బహస్‌కి దిగుతాడు. మీ బొమ్మలు కిందపడితే చూరచూరే, నా చిమ్టాకి ఏమీ కాదు. పులి వస్తే మీ సిపాయి తుపాకీ పారేసి పరుగెడతాడు, నా చిమ్టా పులి మెడ మీద ఎక్కి కూర్చుంటుంది అంటాడు. ఇక్కడ ప్రేమ్‌చంద్ చిమ్టాకి ఇచ్చిన బిరుదు రుస్తమె హింద్. రుస్తుం, సోహ్రాబ్, హాతిమ్ తాయి దాస్తాన్‌లు వింటూ పెరిగిన ఉర్దూ పిల్లలకి రుస్తుం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తెలుగు పిల్లలకి భీముడు లాగ. అంతటి పహిల్వాన్ కిరీటం తీసి మూడు పైసల పట్టకారుకి పెట్టాడు. కథలోని బహాదురీ అంతా యుద్ధభూమి నుంచి పొయ్యి దగ్గరికి మారిపోయింది. నా ఖయాల్‌లో ఈ కథకి ఆయువుపట్టు ఇదే.

గెలిచాక ఏం చేశాడో కూడా చూడాలి. అందరూ తమ బొమ్మలిచ్చి చిమ్టాను చేతికి తీసుకుని చూస్తారు. వాళ్ళ ముఖాలు చిన్నబోవడం చూసి హామిద్, ఊరికే ఏడిపించానురా, మీ బొమ్మలకి ఈ ఇనుప ముక్క ఎక్కడ సాటి అంటాడు. రేవ్డీకి బదులు రేవ్డీ తీర్చుకోలేదు.

ఉర్దూ సాహిత్యం తెలిసినవాళ్ళు ఒక మాట గుర్తుచేసుకోవచ్చు. 1908లో నవాబ్ రాయ్ పేరుతో అచ్చయిన ‘సోజె వతన్’ ప్రతుల్ని అంగ్రేజీ సర్కారు జప్తు చేసి తగలబెట్టింది. అసలు పేరు ధన్‌పత్ రాయ్, సర్కారీ నౌకరు. నోరు మూసుకుంటే గడిచిపోయేది. ఆయన పేరు మార్చుకుని రాస్తూ పోయాడు. ప్రేమ్‌చంద్ అలా పుట్టాడు. తుపాకీ పట్టలేదు, కలం వదల్లేదు. హామిద్‌ని రాసిన చెయ్యి అది.

త్యాగం అన్న మాట కథలోనే ఉంది కదా భాయ్ అని మీరనొచ్చు. ఉంది. హిందీ పాఠంలో చివర దాదీ మనసులో మెదిలే మాట అది. ఆమె అనుకోవచ్చు, ఆమెకు హక్కుంది. కాలిన వేళ్ళు ఆమెవి. మనం ఆమె కాదు. ఆమె నోట్లో అది మొహబ్బత్. మన నోట్లో అదే మాట పేద పిల్లలకిచ్చే హుకుం అయిపోతోంది.

కొన్నేళ్ళ కింద ఒక సర్కారీ ఉర్దూ మీడియం బడి జల్సాకి రిపోర్టర్‌గా వెళ్ళాను. ముఖ్య అతిథి కారు దిగి వచ్చి హామిద్ కథ చెప్పాడు. బాగానే చెప్పాడు. ఆఖర్న, మీరందరూ హామిద్‌లా ఉండాలి, అమ్మానాన్నల్ని అది కొను ఇది కొను అని సతాయించొద్దు అన్నాడు. ముందు కూర్చున్న పిల్లల్లో సగం మంది కాళ్ళకు రబ్బరు చెప్పులు. వాళ్ళు ఎవర్ని ఏం సతాయించి ఉంటారు? ఏమైనా అడగండి అని మైకు ఇస్తే వెనక నుంచి ఒక పిల్లవాడు లేచాడు. “సార్, రేవ్డీ చూపించి తినేసినోణ్ణి ఎవరూ ఏమనలేదా?” అంతా నవ్వారు. అతిథీ నవ్వేసి తర్వాతి సవాల్‌కి వెళ్ళిపోయాడు. ఆ పిల్లవాడు మాత్రం నవ్వలేదు. కథను ఆ హాల్లో అందరికంటే బాగా విన్నది వాడే.

నిజమే, హామిద్‌లా ఉండమని హామిద్‌లకే ఎందుకు చెబుతాం? మోహ్సిన్‌లా ఉండకు అని మోహ్సిన్‌కి చెప్పిన పాఠం నేను ఎక్కడా చూడలేదు. పిల్లల్ని వదిలేయండి, పెద్దల సంగతి చూద్దాం. ఈద్ నమాజ్‌కి ముందే ఫిత్రా ఇచ్చేయాలని మన దీన్ చెబుతుంది. ఆ రోజు ఏ గరీబూ చెయ్యి చాపకుండా, పండగ అందరిదీ కావాలని. కథలో ఆ ఊరంతా ఈద్గాహ్‌కి కదులుతుంది. అమీనా గుమ్మంలో ఫిత్రా పెట్టినవాళ్ళు మాత్రం కనబడరు. ఆ పెద్దలదీ అంత బాగోలేదు లెండి, అప్పు కోసం చౌధరీ ఇంటికి పరుగులు పెట్టేవాళ్ళే. అయినా యతీమ్ ఇల్లు ఒక్కటే కదా. ఈద్గాహ్‌లో సఫ్‌లు కట్టి లక్షల తలలు ఒకేసారి సజ్దాలోకి వంగుతుంటే ప్రేమ్‌చంద్ మురిసిపోయి రాశాడు, అక్కడ ధనం లేదు, పదవి లేదు, అందరూ బరాబర్ అని. సలాం ఫేరాక పది అడుగులు వేస్తే మేళా. అక్కడ ఎవరి జేబు వాళ్ళది. ఆ పది అడుగుల దూరాన్ని దాటించాల్సింది పెద్దవాళ్ళు. వాళ్ళు చేయని పనిని నాలుగైదేళ్ళవాడు తన మూడు పైసలతో చేశాడు. దాన్ని త్యాగం అని తేల్చేస్తే మనం హాయిగా బయటపడతాం. హిమ్మత్ అంటే మాత్రం, అంత హిమ్మత్ వాడికెందుకు అవసరమైంది అని అడగాల్సి వస్తుంది.

ఇవాళ్టి హామిద్‌లు మేళాలోనే ఉండరు. క్లాసులో పేరు పిలవగానే పక్క బెంచీలో గుసగుస మొదలైతే, గొంతు తగ్గించకుండా హాజర్ చెప్పే పిల్లలున్నారు. డబ్బా మూత తీయాలా వద్దా అని ఆలోచించి, తీసి, తినే పిల్లలున్నారు. ఉర్దూ మీడియం నుంచి తెలుగు డిగ్రీకి వెళ్ళిన నాకు మొదటి నెలలోనే పాఠం పైకి చదవమన్నారు. ‘ళ’ దగ్గరా ‘ణ’ దగ్గరా వెనక బెంచీలు నవ్వాయి. పేరా పూర్తయ్యేదాకా చదివి కూర్చున్నాను. దాన్ని ధైర్యం అని ఎవరూ అనలేదు, నాకూ ఆ పేరు తట్టలేదు. అర్జెంటుగా నీళ్ళు తాగాలనిపించింది, అంతే యాద్ ఉంది. పేరు లేని చోట పేరు పెట్టడానికే కదా కథలు.

అందుకని టీచర్లకి నా గుజారిష్ చిన్నది. నీతి ఏమిటి అని అడగడం కొన్నాళ్ళు ఆపండి. హామిద్‌కి ఎక్కడెక్కడ భయం వేసింది అని అడగండి. పిల్లలు వేళ్ళు లెక్కపెట్టి చెబుతారు. పొద్దున బయల్దేరేటప్పుడు దాదీతో నువ్వు భయపడకు, అందరికంటే ముందు వచ్చేస్తా అన్నాడు కదా, అప్పుడు ఎవరికి భయం అని ఎవరో ఒకరు మిమ్మల్నే అడుగుతారు. మీ అబ్బాయి పదిహేను పైసల మోహ్సిన్ అయితే, ఇంట్లో కథ ఆ రేవ్డీ దగ్గర ఆపి, నువ్వైతే ఏం చేసేవాడివి అని అడగండి. జవాబు వెంటనే రాకపోతే రానివ్వండి.

చివరి భయం సంగతి చాలా క్లాసుల్లో వదిలేస్తారు. ఇంటికి రాగానే దాదీ మెచ్చుకోలేదు. చిమ్టా చూసి గుండె బాదుకుంది. మధ్యాహ్నమైంది, తిన్నది లేదు తాగింది లేదు, మేళా అంతా తిరిగి నీకు దొరికింది ఈ ఇనుప ముక్కేనా అని తిట్టింది. ఎవరి కోసం అందరి నవ్వులూ భరించాడో ఆమె దగ్గరే వాడు ముద్దాయిలా నిలబడ్డాడు. నీ వేళ్ళు కాలుతున్నాయి కదా, అందుకని, అన్నాడు. ఆమె కొంగు చాపి దువాలు చేస్తూ ఏడుస్తుంటే వాడికి ఏమీ అర్థం కాలేదు.