అక్షరము లొంగని బిడ్డలకొరకు పరుగు



శరన్నవరాత్రులలో మూలానక్షత్రమునాడు మన ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మను సరస్వతీదేవిగా అలంకరింతురు. ఆనాడు వన్ టౌన్ వీథులు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చు తల్లులతో నిండిపోవును. వారందరి కోరిక యొక్కటే: తమ బిడ్డకు చదువబ్బవలెను. కాని యెంత శ్రమించినను అక్షరము లొంగని బిడ్డలు కొందరు గలరు. అట్టివారికొరకు ఊరివారు కలిసి పరుగిడి ధనము కూర్చు పద్ధతినిగూర్చి యీ మాసమున ముచ్చటింపదలచితిమి.

మొదట ఆ బిడ్డలెవరో తెలిసికొనవలెను. వారిలో రెండు తెగలు గలవు. ఒక తెగవారికి బుద్ధి వికాసమే నెమ్మదిగా జరుగును. బట్టలు తొడుగుకొనుట మొదలు బేరమాడుటవరకు అన్నియు ఆలస్యముగ అలవడును. రెండవ తెగవారి బుద్ధికి లోపమేమియు లేదు. కథ చెప్పిన విని మరల చెప్పగలరు. గడియారము విప్పి బిగింపగలరు. కాని పుస్తకము తెరచినంతనే తడబడుదురు. గుడికిని గుడిదీర్ఘమునకును భేదము తోచదు, ఒత్తులు తారుమారగును, నోట చక్కగా చెప్పిన జవాబు కలము పట్టగనే చెదరిపోవును. దీనినే డిస్‌లెక్సియా యందురు. లెక్కలలో మాత్రమే తడబడు బిడ్డలును గలరు.

ఈ రెండవ తెగ బిడ్డలకు మన యిండ్లలో జరుగు అన్యాయము తక్కువది కాదు. “మొద్దు”, “సోమరి” అను మాటలు, ఒక్కొక్కచోట దెబ్బలు వారికి నిత్యభోజనములు. అన్నగారికి వచ్చిన మార్కులతో పోల్చి పదిమందిలో చిన్నబుచ్చుదురు. తల్లులారా, దెబ్బ అక్షరమును నేర్పదు. భయమును మాత్రమే నేర్పును. మొదట బిడ్డ చూపును, వినికిడిని పరీక్ష చేయింపుడు. అవి బాగుండియు చదువు సాగనిచో నిపుణులకు చూపింపుడు. సికిందరాబాదు మనోవికాసనగరులో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యము గల బిడ్డల విషయమున మన ప్రాంతమువారికి సుపరిచితము.

చికిత్స యేమి? మందు కాదు, బోధనయే. అక్షరమును కంట చూచి, నోట పలికి, వ్రేలితో దిద్ది, ఒక్కొక్క ధ్వనినే ఓపికతో నేర్పుట. మన వీథిబడులలో ఇసుకలో దిద్దించుట, అక్షరాభ్యాసమునాడు బియ్యములో వ్రాయించుట తలచుకొన్నచో ఈ మార్గము మనకు క్రొత్త గాదని తోచును. అయితే నలుబదిమంది గల తరగతిలో ఇది సాగదు. తర్ఫీదు పొందిన ఉపాధ్యాయురాలు ఒకరిద్దరు పిల్లలను కూర్చుండబెట్టుకొని దినదినము నేర్పవలెను. దానికి ధనము వలయును. పరుగు అవసరమగునది ఇచ్చటనే.

ఈ పనికి తల్లులే యాద్యులని చెప్పుట కొక కథ గలదు. 1946లో ఇంగ్లండున జూడీ ఫ్రైడ్ అను నొక తల్లి, తన కుమార్తెవంటి బిడ్డలకు బడి లేదని వగచి, నర్సరీ వరల్డ్ అను పత్రికకు లేఖ వ్రాసి, తనవంటి తల్లులను కలిసిరండని పిలిచెను. అట్లు పుట్టిన సంఘమే నేడు మెన్‌క్యాప్ అను పేర ప్రసిద్ధము. 1981లో ఆరంభమైన లండను మారథాన్‌లో ఆ సంఘముకొరకు పరుగిడువారు గలరు. మన దేశమున 2004లో మొదలైన ముంబయి మారథాన్ కూడ ధర్మసంస్థలకు ధనము కూర్చుచున్నది. పద్ధతి సులభము: పరుగిడువారు బంధుమిత్రులను, ఇరుగుపొరుగును అడిగి, తాము నిర్ణయించిన దూరము పూర్తిచేసినచో ఇంత యిత్తుమని మాట తీసికొందురు.

“ఆడవారికి పరుగేమి?” అనువారు గలరు. 1984లో ఒలింపిక్ క్రీడలలో స్త్రీలు మొట్టమొదటిసారి 42 కిలోమీటర్ల పైచిలుకు మారథాన్ పరుగిడిరి. మనకంత యేల? పున్నమినాడు ఇంద్రకీలాద్రికి గిరిప్రదక్షిణము చేయు ఆడపడుచులకు నడక బరువు కాదు. 1957లో నిర్మింపబడిన ప్రకాశం బ్యారేజి పొడవు సుమారు 1,223 మీటర్లు. అటు పోయి యిటు వచ్చినచో రెండున్నర కిలోమీటర్లు లోపే. బెజవాడ యెండలు తలచి, మార్గశిర పుష్యమాసములలో తెల్లవారుజామున, కాళేశ్వరరావు మార్కెట్టు రద్దీ మొదలు కాకమునుపే ముగించుట మేలు. పోలీసువారి అనుమతి, త్రాగునీరు, ఒక వైద్యుడు తప్పనిసరి.

ఇక ముఖ్యమైన మాట. రుసుముగ 500 రూపాయలు పుచ్చుకొని, అంగీకి, పతకమునకు, ఫలాహారమునకు 400 వ్యయపరచినచో బిడ్డలకు చేరునది నూరే! ఇంటిలో పాలపద్దు, కిరాణాపద్దు చూచుకొను మనము ఈ పద్దునుమాత్రము అడుగక యేల ఊరకుండవలెను? రసీదు తీసికొనుడు. ఎంత వచ్చినది, ఎంత పోయినది, ఎందరు బిడ్డలకు ఎన్ని నెలల బోధన జరిగినదని అడుగుడు. లెక్క చెప్పుటకు జంకువారికి సొమ్ము ఈయకుడు. ఆ బిడ్డలను వేదికనెక్కించి జాలి పుట్టించుటయు తగదు. వారికిష్టమైనచో తోడి పిల్లలతో కలిసి పరుగిడనిండు. దాతలకు చూపుటకై వారి పేరులు, చిత్రములు వాడకుడు.

దానము హక్కునకు బదులు కాదని కూడ మరువరాదు. 1995 నాటి వికలాంగుల చట్టము ఏడు వైకల్యములనే పేర్కొనెను. చదువునందలి ఈ తడబాటు అందు లేదు. 2016 చట్టము 21 వైకల్యములను గుర్తించి దీనిని చేర్చినది. ఇట్టి బిడ్డలను సాధ్యమైనంత త్వరగా గుర్తింపవలెననియు, వైకల్యము గల విద్యార్థులకు పరీక్షలో అధిక సమయము, వ్రాసిపెట్టు సహాయకుడు, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు వంటి సదుపాయములు కల్పింపవలెననియు ఆ చట్టము చెప్పుచున్నది. నూటికి 40 పాళ్లకు తగ్గని వైకల్యమున్నట్లు ధ్రువపత్రము పొందిన బిడ్డకు 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచిత విద్య హక్కు. కావున బడికి పోయి వీనిని అడుగుటయు తల్లి ధర్మమే. పరుగువలన వచ్చు ధనము బడి యీయజాలని తోడ్పాటునకు వినియోగపడవలెను గాని, బడి తన బాధ్యతనుండి తప్పించుకొనుటకు సాకు కారాదు.

ఈ నెలలో ప్రతి సోదరియు ఒక్క పని చేయుడు. మీ యింటనో పొరుగింటనో చదువు రాదని తిట్లు తినుచున్న బిడ్డ యున్నచో, ఆ బిడ్డను చేరదీసి, ఒక కథ చదివి వినిపించి, దానినిగూర్చి ప్రశ్నింపుడు. ఆ నోటినుండి వచ్చు జవాబులు విన్నచో ఎవరికొరకు పరుగిడవలెనో మీకు మేము చెప్పనక్కరలేదు.