స్వస్థత పొందినవారు మరల చూపించుకొనవలెనా?



నల్గొండ ప్రాంతములోని ఒక గ్రామ సంఘములో ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత ఒక సహోదరి మాతో మాట్లాడుటకు ఆగినది. ఆమె మెడ క్రింద సన్నని అడ్డగీత ఉన్నది. రెండేళ్ల క్రితము థైరాయిడ్ క్యాన్సరుకు ఆపరేషన్ జరిగినది. తరువాత అయోడిన్ మందు కూడ ఇచ్చిరి. "ప్రభువు నన్ను బాగుచేసిండని అందరి ముందు సాక్ష్యం చెప్పిన. ఇంకా గోళీలు మింగుకుంట, పరీక్షలకు పోతే నాకు విశ్వాసం లేనట్టే గద అయ్యగారూ?" అని అడిగినది. మూడు నెలలుగా గోళీలు మానివేసినదట. ముఖము ఉబ్బి ఉన్నది. నాలుగడుగులు వేస్తే ఆయాసము. ఈ ప్రశ్న ఆమె ఒక్కతెది కాదు గనుక ఈ నెల దానినే ఇక్కడ వ్రాయుచున్నాము.

థైరాయిడ్ మన గొంతు ముందు భాగములో సీతాకోకచిలుక ఆకారములో ఉండే చిన్న గ్రంథి. మనము తినే ఉప్పులోని అయోడిన్‌ను తీసుకొని, శరీరమంతటిని నడిపించే హార్మోనును తయారు చేయును. దానిలో గడ్డ వచ్చినంత మాత్రమున క్యాన్సరని భయపడనక్కరలేదు. ఇటువంటి గడ్డలలో 100కి 90కి పైగా క్యాన్సరు కానివే. అయినను గడ్డ గట్టిగా ఉండి పెరుగుచున్నా, గొంతు బొంగురుపోయినా, మెడ ప్రక్కన బిళ్లలు కట్టినా ఆలస్యము చేయరాదు. మన ప్రాంతములో కొందరు పసరు కట్టుదురు, కొందరు వాత పెట్టుదురు. మరికొందరు "ఇది ఫ్లోరైడు నీళ్ల వల్లనే" అని సరిపెట్టుకొందురు. ఫ్లోరైడు మన పండ్లను, ఎముకలను పాడుచేసిన మాట నిజమే. కాని గొంతు గడ్డ ఏమిటో తేల్చునది స్కానింగు, సన్నని సూదితో తీసే పరీక్ష మాత్రమే.

థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగము పాపిల్లరీ, ఫాలిక్యులర్ అను రెండు రకములు. పురుషులకంటె స్త్రీలలో ఇవి సుమారు మూడు రెట్లు ఎక్కువ. పాపిల్లరీ ముందుగా మెడలోని బిళ్లలకు ప్రాకును. ఫాలిక్యులర్ రక్తము ద్వారా ఊపిరితిత్తులకు, ఎముకలకు వెళ్లగలదు. రెండును సాధారణముగా నెమ్మదిగా పెరుగునవే. త్వరగా కనుగొని సరియైన వైద్యము పొందినవారిలో 100కి 90 మందికి పైగా పదేళ్ల తరువాత కూడ జీవించియుందురు. క్యాన్సరు అను మాట వినగానే పొలము అమ్మి, ఆశ వదలుకొనవలసిన జబ్బు ఇది కాదు.

మొదటి వైద్యము ఆపరేషన్. సగము గ్రంథి తీయుటయా, మొత్తము తీయుటయా అనునది గడ్డను బట్టి డాక్టరు నిర్ణయించును. తరువాత చేతులు, పెదవుల చుట్టు తిమ్మిరి వస్తే కాల్షియము తగ్గినదేమో చూపించుకొనవలెను. కొందరికి మాత్రమే రేడియో అయోడిన్ అవసరమగును. థైరాయిడ్ కణములు అయోడిన్‌ను లాగుకొనును గనుక, మిగిలిన కణములు ఆ మందును లోనికి తీసుకొని దానివలననే నశించును. దీనిని 1940లనుండి వాడుచున్నారు. ఇవ్వబోవు ముందు ఒకటి రెండు వారములు అయోడిన్ ఉప్పు, సముద్రపు చేపలు మానిపింతురు. చికిత్స ముగిసిన తరువాత ఇంటిల్లిపాదీ మరల అయోడిన్ ఉప్పే వాడవలెను.

"రేడియేషన్" అనగానే మనవారు ఉలికిపడుదురు. 2019లో నల్లమల యురేనియము గురించి నాగర్‌కర్నూల్, నల్గొండ పల్లెలలో ఎంత ఆందోళన కలిగినదో ఎరుగుదుము. కాని ఈ మందు శక్తి ప్రతి 8 దినములకు సగము తగ్గిపోవును. అందుచేత కొన్ని దినములు వేరుగా ఉంచి, పసిపిల్లలను, గర్భిణులను దూరముగా ఉండమందురు. గర్భిణులకు ఈ మందు ఇవ్వరు. పాలిచ్చు తల్లి కొన్ని వారముల ముందే పాలు మాన్పించవలెను. తరువాత ఆరు నెలలనుండి సంవత్సరము వరకు గర్భము రాకుండ చూచుకొనవలెను. ఆ గడువులు దాటిన తరువాత ఆమెను ముట్టరానిదానివలె చూచుట అన్యాయము. క్యాన్సరు అంటువ్యాధి కాదు.

ఇక గోళీల సంగతి. గ్రంథి పోయినవారికి హార్మోను బయటనుండి ఇయ్యవలసినదే. గోళీ మానితే శరీరము మందగించుట మాత్రమే కాదు, మెదడులోని గ్రంథి థైరాయిడ్‌ను మేల్కొలుపు సంకేతమును ఎక్కువగా పంపును. ఆ సంకేతము మిగిలియున్న క్యాన్సరు కణములను కూడ పెంచగలదు. గోళీని ఉదయము పరగడుపున నీళ్లతో మ్రింగి, అరగంటనుండి గంటసేపు ఆగి చాయ త్రాగవలెను. కాల్షియము, ఐరన్ గోళీలకు నాలుగు గంటల ఎడముండవలెను. గర్భము ధరిస్తే మానరాదు, వెంటనే డాక్టరుకు చెప్పవలెను, మోతాదు పెంచవలసి రావచ్చును. ఈ జబ్బు పది, ఇరువై ఏళ్లకు కూడ తిరిగి రాగలదు గనుక మెడ స్కానింగు, థైరోగ్లోబ్యులిన్ రక్తపరీక్ష డాక్టరు చెప్పిన గడువున చేయించుకొనవలెను. ముంబై, పూణెలకు వలసపోవు పాలమూరు కుటుంబములు ఆ కాగితములను, మూడు నెలల గోళీలను మూటలో మరువకుండ పెట్టుకొనవలెను.

ఖర్చుకు భయపడువారు ఆరోగ్యశ్రీ విషయము ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. 2007 ఏప్రిల్‌లో ఆ పథకము మొదలైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచిరి. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి, నిమ్స్ ఉన్నవి. మన సంఘములవారు అనేకులెరిగిన వెల్లూరు సి.ఎం.సి. కూడ ఉన్నది.

ఆ సహోదరికి మేము లేవీయకాండము 13వ అధ్యాయము తీసి చూపించితిమి. యాజకుడు రోగిని ఏడు దినములు ప్రత్యేకముగా ఉంచి, ఏడవ దినమున మరల చూచును. సందేహమున్న యెడల ఇంకొక ఏడు దినములాగి మరియొకసారి చూచును. లూకా 17లో ప్రభువు బాగుచేసిన పదిమందిని కూడ యాజకులకు కనుపరచుకొనుమని ఆయనే పంపెను. చూపించుకొనుట అవిశ్వాసమైతే ప్రభువు ఆ మాట చెప్పునా? ఉదయము మ్రింగు గోళీ మీ సాక్ష్యమును కాదనదమ్మా, ఆయన ఇచ్చిన ప్రాణమును కాపాడుకొనుటయే అది అని చెప్పితిమి.

ఆమె చాలసేపు మాటలాడలేదు. సోమవారము తెల్లవారుజామున కుమారునితో హైదరాబాదు బస్సెక్కినది. పాస్టరమ్మగారు దారి ఖర్చుకు స్త్రీల సమాజపు పెట్టెలోనుండి కొంత ఇచ్చిరి.

మీ సంఘములో సాక్ష్యము చెప్పినవారు గోళీలు వేసుకొనుచున్నారో లేదో ఈ వారము ప్రేమతో అడిగి చూడండి. ప్రభువు మీ ఇంటివారినందరిని ఆరోగ్యముతో కాపాడును గాక. ఆమేన్.