ఆటయు సంఘమును

అమెరికాలో భర్తతో కాపురమున్న తన కుమార్తెను గూర్చి యొక సోదరి మాకు జాబు వ్రాసినారు. అమ్మాయి యింటికి సమీపమున నున్న కమ్యూనిటీ కళాశాలలో కంప్యూటరు ఆటలు నిర్మించు విద్యకు చేరి, దానితోపాటు సంఘశాస్త్రమును గూడ చదువుచున్నదట. “ఆటలు పిల్లలను చెఱచునవి, సంఘశాస్త్రము కూడు పెట్టనిది. ఈ రెండింటికిని పొత్తేమి? మీరైనను మందలింపరాదా?” అని ఆమె మమ్మడిగినారు. మందలించుటకు మాకు కారణ మగపడలేదు. ఏల యగపడలేదో సోదరీమణు లందఱకును విన్నవించుచున్నాము.

ముందుగా నా కళాశాలల సంగతి. 1901వ సంవత్సరమున ఇల్లినాయ్ రాష్ట్రమందలి జోలియెట్ పట్టణమున ఆరుగురు విద్యార్థులతో నిట్టి కళాశాల యొకటి వెలసినది. నేడా దేశమున నిట్టివి సుమారు వేయి గలవు. పెద్ద విశ్వవిద్యాలయములకంటె రుసుము తక్కువ. సాయంకాలపు తరగతులు గలవు గనుక, బిడ్డల తల్లులును, పగలు పనిచేయువారును వచ్చి చదువుకొందురు. రెండేండ్లలో సుమారు 60 క్రెడిట్లు పూర్తిచేసినచో అసోసియేట్ పట్టము లభించును. పిమ్మట విశ్వవిద్యాలయమున మూడవ సంవత్సరమున చేరుటకు వీలుండును. పెండ్లితో చదువాగిన స్త్రీకి ఇది మరల తెఱచిన తలుపు గదా!

ఇక ఆటల విద్య. ఆట యాడుట వేఱు, ఆట కట్టుట వేఱు. సి షార్ప్ వంటి భాషలో యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయవలెను. బొమ్మలను, ధ్వనులను, కథను పొందుపఱుపవలెను. ఇతరులచేత నాడించి తప్పులు పట్టుకొని దిద్దవలెను. వీటన్నిటికంటె కష్టమైన పని నియమములను కల్పించుట. మన వైకుంఠపాళిని తలచుకొనుడు. సద్గుణము నిచ్చెన, దుర్గుణము పాము. ఏది పుణ్యము, ఏది పాపమను నిర్ణయ మాడువారిది కాదు, పటము గీచినవారిది. సంఘశాస్త్రము విచారించునదియు నట్టి నిర్ణయములనే. కుటుంబమున, కొలువున, ఊరిలో ఎవరికి నిచ్చెన దొరకునో, ఎవరి దారిలో పాము పొంచియున్నదో అది పరిశీలించును.

ఇందుల కొక స్త్రీ చరిత్రయే సాక్ష్యము. ఎలిజబెత్ మాగీ యను అమెరికా వనిత భూస్వాముల యద్దెలచే సామాన్యు లెట్లు చితికిపోవుదురో చూపుటకు ‘లాండ్‌లార్డ్స్ గేమ్’ అను నాటను కల్పించి, 1904లో పేటెంటు పొందెను. ఆమె దానికి రెండు రీతుల నియమములు చేసెను: ఒక రీతిలో నొక్కడే యెల్లర సొత్తును చేజిక్కించుకొనును, రెండవ రీతిలో సంపద యందఱికిని పంచబడును. మొదటి రీతివంటి నియమములతోనే ‘మోనోపలీ’ లోకమెల్ల వ్యాపించినది. 1935లో ఆమె పేటెంటునకు ముట్టినది 500 డాలర్లు. కల్పించిన కీర్తి మాత్రము చిరకాల మొక పురుషునికే దక్కెను. ఆట కట్టుటకు సంఘజ్ఞాన మెంత యవసరమో, ఆ యాట యెవరి పేర చెల్లునో తెలియుటకును అంతే యవసరము.

మఱియొక నిదర్శనము. 1971లో థామస్ షెల్లింగ్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు గళ్లమీద రెండు తెగల పావులను జరుపుచు నొక విషయమును నిరూపించెను. పొరుగువారిలో కొందఱైనను తనవంటివారుండవలెనను స్వల్పమైన కోరికయే చాలును. ఎవ్వరికిని ద్వేషము లేకున్నను రెండు తెగలును క్రమముగా వేర్వేఱు పేటలుగా చీలిపోవును. ఈ రెండు విద్యలును నేర్చిన విద్యార్థిని దీనిని కంప్యూటరుపై కదలాడు నాటగా చేసి చూపగలదు.

అయినను తల్లి బెంగ యంతయు నిరాధారమని మేమనము. 2023, 2024 సంవత్సరములలో ఆటల పరిశ్రమయందు వేలకొలది యుద్యోగములు పోయినవి. పట్టము చేతికి రాగానే కొలువు సిద్ధమని యెవరును నమ్మరాదు. హెచ్-4 వీసాపై నున్న భార్యకు చదువుటకు వీలున్నను, కొలువు చేయుటకు వేఱుగా ననుమతి కావలెను. తీసికొన్న క్రెడిట్లను తాను చేరగోరు విశ్వవిద్యాలయ మంగీకరించునో లేదో ముందే యడిగి తెలిసికొనవలెను. కొన్ని వృత్తివిద్యల క్రెడిట్లు అక్కడ చెల్లకపోవచ్చును. సంఘశాస్త్ర ప్రవేశపాఠము సాధారణముగా చెల్లును. కూడు పెట్టదనుకొన్న చదువే రేపు పైచదువునకు మెట్టు కావచ్చును.

కావున, సోదరీ, ఈ మారు అమ్మాయి ఫోను చేసినప్పుడు మందలింపకుడు. “నీ వాట కట్టితివి గదా, అందులో గెలుచువా రెవరమ్మా? ఓడువా రేల యోడుదురు?” అని యడిగి చూడుడు. ఆమె తడుముకొనక బదులు చెప్పినచో, రెండు చదువులును వంటబట్టుచున్నవని యెఱుంగుడు. తడుముకొనినను చింత లేదు. తల్లి యడిగిన ప్రశ్న గనుక నాలోచించి మరునాడైనను చెప్పును.