మాడపాటి కూర్చున్న కుర్చీ

వార్డు ఎన్నిక అంటే సనత్‌నగర్‌లో డ్రైనేజీ, అమీర్‌పేటలో ఫుట్‌పాత్, పంజాగుట్టలో ట్రాఫిక్. అవీ ముఖ్యమే. కానీ మేయర్ కుర్చీలో మొదట ఎవరు కూర్చున్నారో ఓటర్లలో ఎందరికి తెలుసు?

1951లో హైదరాబాద్ తొలి మేయరైన మాడపాటి హనుమంతరావు కృష్ణా జిల్లాలో పుట్టి, హనుమకొండలో ఎదిగి, హైదరాబాద్‌లో వకీలుగా స్థిరపడ్డారు. 1921లో నగరంలో జరిగిన ఒక సంఘ సంస్కార సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను గేలి చేసి కూర్చోబెట్టారు. సంస్కార సభలోనే! ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. దాన్ని ఊరూరా నిలబెట్టిన వారిలో మాడపాటి ముందువరసలో ఉన్నారు. వెట్టిచాకిరీపై కలం పట్టారు. ఉర్దూదే రాజ్యమైన రోజుల్లో, 1928లో, నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు బడి పెట్టించారు. ఆవేశపరులకు ఆయన మరీ మెతకగా కనిపించారు. ఆ విమర్శలో కొంత నిజముంది. అయినా ఆ మెతకదనమే బడులను, గ్రంథాలయాలను నిజాం నీడలోనూ బతికించింది. తర్వాత శాసనమండలి అధ్యక్షులయ్యారు. 1955లో పద్మభూషణ్ వచ్చింది.

ఇస్తాంబుల్ సంగతి చూడండి: అక్కడ 1912లో మేయరైన శస్త్రవైద్యుడు జెమిల్ తోపుజ్లు సుల్తాన్ల ఉద్యానాన్ని ప్రజల పార్కుగా తెరిపించాడు. ఆ నగరం ఆయన్ను మరవలేదు. మనమో?

నేడు మేయర్‌కు హోదా ఎక్కువ, అధికారం తక్కువ. ఫైలు నడిపేది కమిషనరే. అయినా తొలి మేయర్‌ను మరవడానికి ఆ సాకు చాలదు. సనత్‌నగర్‌లో కార్పొరేటర్‌గా నిలబడాలనుకునే వారు నామినేషన్‌కు ముందు మాడపాటి రాసిన ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ ఒకసారి చదవాలని మా మనవి.