పిడుదులకు పంటకాలం లేదు

గత చలికాలంలో ఒక రైతు శిక్షణ కార్యక్రమం ముగిసిన తరువాత ఒక యువ రైతు నన్ను ప్రక్కకు పిలిచి, "సార్, మిరపకు తెచ్చిన ఫిప్రోనిల్ కొంచెం మిగిలింది. మా కుక్కకు పిడుదులు బాగా పట్టినాయి. నీళ్లలో కలిపి కొట్టవచ్చునా?" అని అడిగాడు. పంట మందును జంతువుల ఒంటిపై వాడరాదని, పశువైద్యుని సంప్రదించమని చెప్పి పంపించాను. చెప్పినది తప్పు కాదు. కాని చలికాలంలో కూడా పిడుదులు ఎందుకు ఉన్నాయో, అవి ఎక్కడ నుండి వస్తున్నాయో అతనికి నేను చెప్పలేదు.

సస్యశాస్త్రంలో మనము ప్రతి పురుగుకూ ఒక కాలం ఉన్నదని బోధిస్తాము. పంట కోసిన తరువాత పొలంలో ఆహారం ఉండదు. వేసవి దుక్కులలో కోశస్థ దశలు ఎండకు నశిస్తాయి. ఈ అలవాటుతోనే ఇంటి జంతువులను కూడా చూస్తాము. వర్షాకాలంలో పట్టించుకొని, వానలు వెనుకబట్టగానే మానివేస్తాము. నేనూ అదే చేశాను. కొన్నేళ్ల క్రితం మా ఇంటి కుక్కకు జూన్ నుండి అక్టోబరు వరకు మాత్రమే మందు వేయించేవాణ్ణి. ఒక ఫిబ్రవరిలో అది తిండి మానివేసింది. ముక్కు నుండి రక్తం కారింది. పిడుదుల ద్వారా సంక్రమించే ఎర్లీకియా అని రక్తపరీక్షలో తేలేటప్పటికి ఆలస్యమైంది. ఆ సూక్ష్మజీవి నెలల తరబడి లక్షణాలు చూపకుండా ఉండగలదు కనుక ఏ నెలలో సోకినదో చెప్పలేమని వైద్యుడు అన్నాడు. అయినను నేను మందు మానివేసిన ఆ నాలుగు నెలలు నాకు నేటికీ గుర్తుకు వస్తూనే ఉంటాయి.

కుక్కలను ఆశించే గోధుమరంగు పిడుదు లార్వా, నింఫ్, ప్రౌఢ దశలు మూడింటిలోనూ రక్తం త్రాగి, ప్రతిసారీ క్రిందికి దిగిపోతుంది. గోడ పగుళ్లలో, నేల నెర్రెలలో, పాత గోనెసంచుల మడతలలో కుబుసం విడిచి మరల ఎక్కుతుంది. రక్తం నిండిన ఒక్క ఆడ పిడుదు వేల సంఖ్యలో గ్రుడ్లు పెడుతుంది. మన ఇండ్లలోని వెచ్చదనం దానికి ఏడాది పొడవునా అనుకూలమే. ఫ్లీస్ అనబడే రెక్కలు లేని దూకుడు పురుగులదీ ఇదే వరుస. వాటి గ్రుడ్లు జంతువు పడుకున్న చోట రాలిపోతాయి, ప్యూపాలు గూటిలోనే నెలల తరబడి వేచి ఉండగలవు. కలుపు శాస్త్రంలో నేలలోని విత్తన నిధి అని మనము దేనిని అంటామో, ఇదీ అటువంటిదే. మొలచిన కలుపును మాత్రమే పీకి, విత్తన నిధిని మరచిన రైతును మనము మందలిస్తాము. కుక్క చెవిలోని పిడుదును మాత్రమే చూసే మనలను మందలించేవారు లేరు.

ఇక్కడ మన విద్యార్థులు ఒక ప్రశ్న వేయవచ్చును. క్యాలెండరు ప్రకారం పిచికారీ చేయవద్దని, ఆర్థిక నష్ట పరిమితి స్థాయి చూడమని చెప్పే మీరే ఏడాది పొడవునా మందు వేయమంటారా? ప్రశ్న సమంజసమే. అయితే మినుములో పల్లాకు తెగులును వ్యాప్తి చేసే తెల్లదోమను మనము కేవలం రసం పీల్చే పురుగుగా లెక్కించము. వైరస్ వాహకమైనప్పుడు కొద్దిపాటి సంఖ్యయే ప్రమాదము. పిడుదు కూడా వాహకమే. అది అంటుకున్న కొన్ని గంటలలోనే ఎర్లీకియా సంక్రమించగలదు. ఒక్క పిడుదు చాలు.

ఏడాది పొడవునా రక్షణ అంటే ఏడాది పొడవునా రసాయనమే అని మాత్రం నా అభిప్రాయం కాదు. పశువుల పిడుదులలో సింథటిక్ పైరిత్రాయిడ్లకు, అమిట్రాజ్‌కు నిరోధకత మన దేశంలోనే నమోదైనది. ఒకే మందును ఎడతెగక వాడితే ఏమగునో పత్తి రైతును అడిగితే చాలు. పగుళ్లు పూడ్చుట, పడక గుడ్డలను వేడినీటిలో ఉతుకుట, రోజూ చెవులు, వ్రేళ్ల సందులు పరీక్షించుట, కనబడిన పిడుదును చేతితో నలుపక పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగివేయుట ముందుగా జరగాలి. మందు పశువైద్యుని సలహాపై, జంతువు బరువును బట్టి. పొలం మందులో క్రియాశీల పదార్థం అదే అయినను ద్రావకాలు, గాఢత వేరు. పిల్లుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ పిల్లికి ప్రాణాంతకం కాగలదు. ఈ సంగతి తెలియని విస్తరణాధికారులను నేను ఎందరినో చూశాను.

2005లో తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడే వరకు ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ, పశువైద్య శాస్త్రాలు ఒకే విశ్వవిద్యాలయంలో ఉండేవి. విభజన వలన రెండు శాస్త్రాలకూ మేలే జరిగింది. రైతు ఇల్లు మాత్రం విభజింపబడలేదు. స్ప్రేయరు, పాడి గేదె, కాపలా కుక్క అన్నీ ఒకే వాకిట ఉన్నవి. ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలు క్షేత్ర సందర్శనకు వెళ్లినప్పుడు మిగిలిన పురుగుమందు ఏమి చేశారని తప్పక అడగాలని నా సూచన. దానితో పాటు కొట్టము గోడలను కూడా ఒకసారి చూడవలెను.

ఈ వేసవిలో ఒక పశువైద్య మిత్రునితో కలిసి ఆ యువ రైతు ఇంటికి వెళ్లాను. కుక్క పడుకునే గోనెపట్టా ఎత్తగా, గోడ మొదట్లోని పగుళ్లలో పిడుదులు, గ్రుడ్ల గుట్టలు కనబడినవి. పట్టాను తగులబెట్టించి, పగుళ్లను సిమెంటుతో పూడ్పించాము. నెలనెలా వేయవలసిన మందును మిత్రుడు కుక్కను తూచి వ్రాసి ఇచ్చాడు. నవంబరులో మరల వెళ్లి చూడవలసి ఉన్నది.