మన అమ్మాయి లా ఆఫీసు ఇంటర్వ్యూకి వెళ్తోందా?

ఇంజనీరింగు, డాక్టరీ అంటే మన ఇళ్లల్లో అందరికీ ఎంతో కొంత తెలుసు. ఏ కాలేజీ మంచిదో, ఏ పరీక్ష ఎప్పుడో పక్కింటావిడను అడిగినా చెప్పేస్తుంది. లా సంగతి అలా కాదండీ. లాసెట్ రాసి మూడేళ్ల కోర్సులోనో, ఇంటర్ కాగానే ఐదేళ్ల కోర్సులోనో చేరుతున్న ఆడపిల్లలు ఈ రోజుల్లో బోలెడుమంది. చదువు పూర్తయ్యాకే అసలు తంటా మొదలవుతుంది. వకీళ్ల ఇంట్లో పుట్టిన పిల్లకైతే నాన్నగారి ఆఫీసో, మావయ్యగారి ఆఫీసో ఉంటుంది. మరి మన పిల్లకి? ఏదైనా లా ఫర్మ్‌లో ట్రైనీగా చేరాలంటే ఇంటర్వ్యూకి వెళ్లాలి. అక్కడ ఏమడుగుతారో చెప్పే దిక్కు ఇంట్లో ఉండదు.

"మాకు లా తెలీదు, మేమేం చెప్తాం" అని చాలామంది తల్లులు పక్కకు తప్పుకుంటారు. నేనూ ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్నే. మా అక్క కూతురు హైదరాబాదులో ఇలాంటి ఇంటర్వ్యూలకి తయారవుతూ రెండు నెలలు మా ఇంట్లోనే ఉంది. దగ్గరుండి చూశాను కనుక ధైర్యంగా చెప్తున్నాను. లా తెలియని అమ్మే ఈ పనికి బాగా పనికొస్తుంది. ఎలాగో చదవండి.

ముందు ఆ ఆఫీసు సంగతి

లా ఫర్మ్ అంటే కొందరు లాయర్లు కలిసి నడిపే ఆఫీసు. అన్ని ఆఫీసుల్లోనూ ఒకే పని ఉండదు. కొందరు రోజూ కోర్టుకి వెళ్తారు. కొందరు కోర్టు గుమ్మమే ఎక్కరు. కంపెనీల ఒప్పంద పత్రాలు రాయడం, ఒక కంపెనీని ఇంకొకరు కొంటుంటే లెక్కాపత్రాలు తిరగేయడం, స్థలాల కాగితాలు పరిశీలించడం వాళ్ల పని. అమ్మాయి వెళ్లే ఆఫీసు ఏ రకమో ముందే తెలుసుకోవాలి. ఈ రోజుల్లో అది ఫోనులోనే దొరుకుతుంది.

"మా ఆఫీసులోనే ఎందుకు చేరాలనుకుంటున్నావు?" అన్నది దాదాపు అందరూ అడిగే ప్రశ్న. "పెద్ద పేరున్న ఆఫీసు కదండీ" అంటే అది జవాబు కాదు, ముఖస్తుతి. "మీరు స్థలాల వివాదాలు ఎక్కువ చూస్తారు, నేను ఇంటర్న్‌షిప్‌లో ఆ పనే చేశాను, నాకది నచ్చింది" అంటే అది జవాబు.

బయోడేటాలో ప్రతి లైనూ ఒక ప్రశ్నే

బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సువాళ్లు కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సువాళ్లు కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. కాబట్టి వచ్చినవాళ్లందరి బయోడేటాలోనూ ఆ మాట ఉంటుంది. అక్కడ నువ్వేం చేశావన్నదే తేడా.

అమ్మాయిని కూర్చోబెట్టి బయోడేటా మీరు చేతిలో పట్టుకోండి. ఒక్కో లైను మీద వేలు పెట్టి "ఇదేమిటే?" అని అడగండి. ఒక్క పని గురించైనా మొదలు నుంచి చివరిదాకా చెప్పగలగాలి. కేసు ఏమిటి, తను ఏం వెతికింది, ఏం దొరికింది, తను రాసినదాంట్లో సీనియర్‌గారు ఏం మార్చారు. చెప్పలేని లైను ఉంటే కొట్టేయమనండి. ఉత్త అలంకారానికి పెట్టిన లైనే అక్కడ పట్టిస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. పాత ఆఫీసులో చూసిన కేసు చెప్పేటప్పుడు క్లయింటు పేరు చెప్పకూడదు. "ఎవరి కేసమ్మా అది?" అని ఆరా తీసినా సరే, "పేరు చెప్పకూడదండీ" అని నవ్వుతూ చెప్పాలి. ఇవాళ అక్కడి గుట్టు ఇక్కడ చెప్పిన పిల్ల, రేపు ఇక్కడి గుట్టు ఇంకోచోట చెప్పదని ఏం నమ్మకం?

అమ్మకి అర్థమైతే సగం గెలిచినట్టే

మనం అసలు సాయం చేయగలిగింది ఇక్కడే. రోజూ రాత్రి భోజనాలయ్యాక అరగంట కేటాయించండి. అమ్మాయి ఒక లా సంగతి మీకు తెలుగులో చెప్పాలి. అర్థం కాకపోతే అర్థం కాలేదని మొహమాటం లేకుండా చెప్పండి.

మనకు బాగా తెలిసినదే అడగండి. "మా నాన్నగారు 2005కి ముందే పోయారు. ఆస్తిలో నాకు వాటా వస్తుందా?" అనండి. బట్టీ పట్టిన పిల్ల గబగబా సెక్షన్లు చదివేస్తుంది. ఆలోచించే పిల్ల ముందు మిమ్మల్నే అడుగుతుంది. "ఆ ఆస్తి తాతల నాటిదా అమ్మా, తాతయ్య స్వార్జితమా? పంపకాలు జరిగాయా? కాగితం రిజిస్టరయిందా, ఎప్పుడు?" అలా అడిగిందంటే సంతోషించండి. ఇంటర్వ్యూలో వాళ్లు చూసేది కూడా అదే.

తర్వాత వివరం రావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం తెచ్చి, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకీ కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చారు. కాకపోతే అప్పటికే పెళ్లయినవాళ్లకి అది వర్తించలేదు. 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటా, పెళ్లయినవాళ్లకి కూడా హక్కు వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరయిన పంపకాలు కదలవు. నాన్న స్వార్జితమైతే ఆయన వీలునామా ఎవరి పేరనైనా రాసుకోవచ్చు. ఇంత సంగతి మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే, అదే మాట ఇంగ్లీషులో పెద్దల ముందు చెప్పడం ఆ పిల్లకి కష్టం కాదు.

మర్నాడు చెక్ బౌన్స్ అడగండి. "పక్కింటావిడ ఇచ్చిన చెక్కు బ్యాంకు తిప్పి పంపింది. ఏం చెయ్యాలి?" చెక్కు చెల్లలేదని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజులు గడువు. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వెయ్యాలి. ఇక్కడ తేదీలే ప్రాణం. క్యాలెండరు గోడ మీంచి తీసి, వేలు పెట్టి లెక్కేయించండి.

కొత్త చట్టాల సంగతీ అడుగుతారు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మన సినిమాల్లో మోసగాణ్ణి ఫోర్ ట్వంటీ అంటాం కదా, ఆ 420 ఇప్పుడు 318లో నాలుగో ఉపసెక్షన్. అంతకుముందు జరిగిన నేరాలకి మాత్రం పాత ఐపీసీయే. ఈ రెండో ముక్క కూడా చెప్పే పిల్లను వాళ్లు గుర్తు పెట్టుకుంటారు.

తెలియని ప్రశ్న వస్తే? తడుముకుంటూ కల్పించి చెప్పకూడదు. "ఇప్పుడు గుర్తు రావడం లేదండీ, ఫలానా చట్టంలో చూస్తాను" అనాలి. ఎక్కడ వెతకాలో తెలియడం కూడా లాయరు విద్యే.

తెలుగు మీడియం అని చిన్నబుచ్చుకోవద్దు

మన పిల్లలు ఇంగ్లీషు దగ్గర బెదిరిపోతారు. నిజమే, ఇంగ్లీషు రావాలి. రోజూ ఒక ఇంగ్లీషు పేపరు వార్త పైకి చదివించండి. కానీ ఇక్కడి ఆఫీసుల్లో స్థలాల కాగితాలు చూడాలంటే పాత దస్తావేజులు తెలుగులోనే ఉంటాయి. పహాణీ, అడంగల్, ఈసీ, పాలు పంపకాల కాగితం, హద్దుల వివరం... ఇవన్నీ చదివి, తాతగారి నుంచి ఇప్పటి యజమాని దాకా గొలుసు తెగకుండా వచ్చిందా అని చూడాలి. తెలంగాణలో ధరణి పోయి 2025లో భూభారతి వచ్చిన సంగతీ తెలిసుండాలి. మీ ఇంటి దస్తావేజు బీరువాలోంచి తీసి అమ్మాయి చేత చదివించండి. "నేను తెలుగు దస్తావేజులు చదివి ఇంగ్లీషులో సారాంశం రాయగలను" అని ఇంటర్వ్యూలో చెప్పడం గొప్ప అర్హత సుమా!

"పెళ్లయ్యాక మానేస్తావా?"

సూటిగా కాకపోయినా చుట్టు తిప్పి ఈ ప్రశ్న ఇప్పటికీ వస్తుంది. లీలా సేథ్ గారి సంగతి వినండి. 1958లో లండన్ బార్ పరీక్షలో మొట్టమొదటి ర్యాంకు తెచ్చుకున్న తొలి మహిళ ఆవిడ. కలకత్తాలో సచిన్ చౌధురి అనే పెద్ద లాయరు దగ్గర జూనియరుగా చేరడానికి వెళ్తే, ఆయన ఈ వృత్తి ఎందుకు, పెళ్లి చేసుకోమన్నారట. అయిందన్నారు ఆవిడ. అయితే బిడ్డను కనమన్నారు. ఉన్నాడన్నారు. ఒక్కడే ఉంటే పాపం కదా, ఇంకొకరిని కనమన్నారు. ఇద్దరున్నారని ఆవిడ జవాబు. ఆయన ఇక చేరిపొమ్మన్నారు. ఆవిడే 1978లో ఢిల్లీ హైకోర్టు తొలి మహిళా జడ్జి, 1991లో హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు చీఫ్ జస్టిస్ అయ్యారు. మన దేశంలో ఒక హైకోర్టుకి చీఫ్ జస్టిస్ అయిన మొదటి మహిళ ఆవిడే. ఆవిడ కోపగించుకోలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు, లేచి వచ్చేయలేదు.

అయితే ఆ ప్రశ్నకి జవాబు ఆఫీసులో కాదు, ముందు మన ఇంట్లో తేలాలి. రాత్రి తొమ్మిదింటికి ఇంటికి వస్తే సరేనా? బెంగళూరో ముంబయో పంపిస్తే పంపుతామా? సంబంధం వచ్చిందని మధ్యలో మానిపిస్తామా? అమ్మాయి "నేను కొనసాగుతానండీ" అని ధీమాగా చెప్పాలంటే వెనక అమ్మానాన్నా నిలబడాలి. ఇంట్లో నాన్చిన మాట ఆ గదిలో తడబాటుగా బయటపడుతుంది.

డబ్బు సంగతి అడగడం తప్పు కాదు

జూనియర్లకి పట్టణాల్లో నెలకి కనీసం 20,000, పల్లెల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. అది సూచనే, తప్పనిసరి కాదు. ఇంటర్వ్యూ చివర "స్టైపెండ్ ఎంతండీ, శిక్షణ ఎన్నాళ్లు?" అని మర్యాదగా అడగవచ్చు. చేర్చుకోవడానికి ఎదురు డబ్బు అడిగేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు.

పని చేసేచోట వేధింపుల నుంచి కాపాడే 2013 చట్టం ట్రైనీలకి కూడా వర్తిస్తుంది. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే ఆఫీసులో ఫిర్యాదులు వినే కమిటీ ఉండి తీరాలి. ఈ ముక్క అమ్మాయి చెవిన వేసి ఉంచండి.

ఆ రోజు

కొత్త బట్టలు వద్దు. ఒకసారి కట్టి అలవాటైన లేతరంగు కాటన్ చీరో, సల్వారో ముందురోజే ఇస్త్రీ చేసి పెట్టండి. పొద్దున్నే రెండిడ్లీలు చాలు. నూనె పదార్థాలు, ఖాళీ కడుపు రెండూ మంచివి కావు. సర్టిఫికెట్ల జిరాక్సులు, బయోడేటా రెండు కాపీలు ఫైల్లో పెట్టి గుమ్మం దగ్గర ఉంచండి.

ఇంటర్వ్యూ ఫోనులోనో కంప్యూటర్లోనో అయితే ఆ గంటసేపు కుక్కరు, మిక్సీ బంద్! కరెంటు పోతుందేమోనని ఫోను ఛార్జింగ్ నిండా పెట్టించండి. వెనక గోడ ఖాళీగా ఉన్నచోట, వెలుతురు మొహం మీద పడేలా కూర్చోబెట్టండి.

తిరిగొచ్చాక "వచ్చిందా, రాలేదా?" అని ప్రాణం తీయకండి. కాఫీ చేతికిచ్చి, ఏమేం అడిగారో ఒక నోటుపుస్తకంలో రాయించండి. నాలుగు ఇంటర్వ్యూలయ్యేసరికి ఆ పుస్తకమే మంచి గైడు అవుతుంది. తర్వాత వెళ్లే ఏ స్నేహితురాలికైనా, చెల్లెలికైనా అది ఉపయోగపడుతుంది. వకీళ్ల ఇళ్లల్లో పిల్లలకి పుట్టుకతో దొరికేది, మన పిల్లలకి అలా ఒక్కో పేజీగా పోగవుతుంది.